ఓట్స్ జావ: తీపియా? ఉప్పా?

శాలిబండలోని మా వైద్యశాలకు ఒకనాటి ఉదయమున అరువది మూడేండ్ల గృహిణి యొకరు కోడలిని వెంటబెట్టుకొని వచ్చిరి. ఆమెకు 11 సంవత్సరములుగా మధుమేహము కలదు. ఆధునిక వైద్యుడిచ్చిన మాత్రలు క్రమము తప్పక వాడుచు, అజీర్తికిని మలబద్ధమునకును మాత్రము నా వద్దకు వచ్చుచుందురు. ఆనాడు కుడికాలి బొటనవ్రేలి ప్రక్కన చెప్పు రాపిడివలన ఏర్పడిన పుండును చూపిరి. మూడు వారములైనను అది మానలేదు. అంచులు నల్లబడుచున్నవి.

"అమ్మా, పరగడుపు రక్తపరీక్ష చేయించితిరా?" అని అడిగితిని. కోడలు కాగితము తీసి చూపెను. నాలుగు నెలల క్రిందట 150 దగ్గర నుండిన అంకె 212 అయియుండెను.

"మీరు చెప్పినట్లే ఇడ్లీ, పూరీ అన్నీ మానేశానండీ వైద్యులుగారూ. రోజూ ఓట్స్ జావ తప్ప ఇంకేమీ ముట్టడం లేదు" అని ఆమె కన్నీరు పెట్టుకొనిరి.

నిజమే. ఉదయమున ఓట్స్ జావ త్రాగుడని నాలుగు నెలల క్రిందట చెప్పినది నేనే. ఎట్లు వండుచున్నారని కోడలిని అడుగగా ఆ పిల్ల ఎంతో శ్రద్ధతో వివరించెను. గ్లాసెడు చిక్కని పాలు, అందులో ఓట్స్, ఒక అరటిపండు ముక్కలు, నాలుగు ఖర్జూరములు, పంచదార వాడరాదు గనుక దానికి బదులు పెద్ద చెంచాడు తేనె. పొయ్యి మీదనుండి దింపకముందే తేనె కలుపుదురట.

తప్పు ఆ అత్తగారిది కాదు, కోడలిది కాదు. ద్రవ్యము పేరు చెప్పి, దానిని వండు తీరు చెప్పకుండుట వైద్యుని తప్పు. చరకాచార్యులు విమానస్థానము మొదటి అధ్యాయమున ఆహారమును గూర్చి ఎనిమిది సంగతులు విచారింపవలెనని చెప్పియున్నారు. ద్రవ్యమునకు సహజముగా నుండు గుణము, దానికి చేయు సంస్కారము, దానితో కలుపు ఇతర ద్రవ్యములు, పరిమాణము, దేశము, కాలము, తిను నియమము, తినువాని శరీరతత్త్వము. గురువుగారి యింట మేము ఈ ఎనిమిదింటిని కంఠస్థము చేసినవారమే. అయినను నేను మొదటిదానిని మాత్రమే చెప్పి ఊరకుంటిని. సంస్కారము, సంయోగము, పరిమాణము అను మూడింటిని ప్యాకెట్టు మీది బొమ్మకు వదలివేసితిని.

ఆ పూటనే ఆమెను పాదముల పుండ్లు చూచు శస్త్రవైద్యుని వద్దకు పంపితిని. మధుమేహ రోగి కాలిపుండును ఇంటి మందులతో చూచుకొనుట ప్రమాదకరము. ఇందులో నాకు రెండవ అభిప్రాయము లేదు. తరువాత కోడలిని కూర్చుండబెట్టి ఉప్పు జావ వండు విధమును వ్రాసి యిచ్చితిని. ఆ కాగితమునే కొంత విస్తరించి ఇచ్చట పాఠకుల ముందుంచుచున్నాను.

మొదట లెక్క చూతము. 40 గ్రాముల ఓట్స్‌లో పిండిపదార్థము సుమారు 27 గ్రాములు. గ్లాసెడు, అనగా 250 మిల్లీలీటర్ల పాలలో సహజమైన చక్కెర 12 గ్రాములు. మధ్యరకము అరటిపండులో 25 గ్రాములకు పైమాట. నాలుగు చిన్న ఖర్జూరములలో 20 గ్రాములు. పెద్ద చెంచాడు తేనెలో 17 గ్రాములు. మొత్తము నూరు గ్రాములు దాటినది. అందులో ఓట్స్ వలన వచ్చినది నాలుగింట ఒక వంతు మాత్రమే. ఆ తల్లి నాలుగు నెలలు ఓట్స్ పేరు చెప్పి తిన్నది పరమాన్నమే.

ఇక తేనె మాట. తేనెను వేడిచేసిగాని వేడి పదార్థములలో కలిపిగాని పుచ్చుకొనరాదని మన సంహితలు గట్టిగా నిషేధించినవి. అది యటుంచినను, మధుమేహికి తేనె కూడ చక్కెరయే. "పంచదార కాదు గదా" అను మాట మన ఇండ్లలో ఎన్ని కొంపలు ముంచుచున్నదో చెప్పలేను.

ఓట్స్ మన ప్రాచీన వైద్య గ్రంథములలో ప్రత్యేకముగా వర్ణింపబడిన ధాన్యము కాదు. ఉత్తర భారతమున దీనిని చలికాలములో పశుగ్రాసముగా పండించుట పరిపాటి. గోధుమ చేలలో అడవి ఓట్స్ కలుపుమొక్కగా మొలచును. ఇంగ్లండులో 1755లో వెలువడిన జాన్సన్ పండితుని నిఘంటువు సైతము, ఇది ఇంగ్లండులో గుఱ్ఱములకు పెట్టు గింజ, స్కాట్లండులో మనుష్యులను పోషించు గింజ అను అర్థము వచ్చునట్లు ఎకసక్కెము చేసినది. ఆ స్కాట్లండువారు తమ జావను ఎట్లు వండుకొనిరి? నీటితో, చిటికెడు ఉప్పుతో. పాలు, చక్కెర, పండ్లు దానిపై అలంకరించు పద్ధతి మనకు ప్యాకెట్లతో, ప్రకటనలతో వచ్చినది.

మన శాస్త్రములో దీనికి దగ్గరి బంధువు యవధాన్యము, అనగా బార్లీ. యవలు రూక్షము, శీతము, కషాయానుబంధమైన మధురరసము కలవి, కఫమును తగ్గించునవి, దేహమునకు స్థిరత్వమిచ్చునవి అని చరకుడు చెప్పెను. ప్రమేహ చికిత్సలో యవాన్నమునకే ప్రథమ తాంబూలము. అదే గ్రంథములో ప్రమేహము కలుగుటకు హేతువులుగా చెప్పినవేవి? నిద్రాసుఖము, శరీరశ్రమ లేకుండుట, పెరుగు, పాలు, క్రొత్త ధాన్యము, బెల్లపు వంటకములు. యవలవంటి మంచి గింజను తెచ్చి పాలలోను తీపిలోను ముంచినచో, రోగహేతువును మందుతో కలిపి ఒకే గిన్నెలో వడ్డించినట్లగును.

చరక సంహిత సూత్రస్థానము రెండవ అధ్యాయమున 28 విధముల యవాగువులు, అనగా జావలు, చెప్పబడినవి. వాటిలో మొదటిది పిప్పలి, మోడి, చవ్యము, చిత్రమూలము, శొంఠి వేసి కాచునది. అది అగ్నిని రగిల్చి కడుపునొప్పిని పోగొట్టును. దానిమ్మ పులుపుతో వండునవి కలవు, మజ్జిగతో వండునవి కలవు. జావ అనగానే తీపి అను తలంపు మన పూర్వులకు లేదనుటకు ఆ ఒక్క అధ్యాయము చాలును.

గురువుగారి యింట జ్వరము తగ్గిన విద్యార్థికి గురుపత్నియే జావ కాచి యిచ్చెడివారు. ఆమె కొలతలు నోటిమాటగా నుండెడివి. "పదునాలుగింతల నీళ్ళయితే మండము, ఆరింతలయితే యవాగువు, నాలుగింతలయితే విలేపి" అని చెప్పుచు కుండలో నీరు పోసెడివారు. శ్లోకము మాకు వచ్చినను కుండ ముందు నిలిచిన తరువాతగాని అది అర్థము కాలేదు. ఇది తూకపు లెక్క అని గుర్తుంచుకొనవలెను. 40 గ్రాముల ఓట్స్‌కు ఆరింతలనగా 240 మిల్లీలీటర్లు, సుమారు ఒక గ్లాసు. ఇప్పటి ప్యాకెట్ల మీద వ్రాయు కొలతయు ఇంచుమించుగా ఇదియే!

తీపి, ఉప్పు అను ఈ వివాదమునకు మా పాతబస్తీలో ఒక చక్కని ఉదాహరణము కలదు. శాలిబండ నుండి ఫలక్‌నుమా, చాంద్రాయణగుట్ట మీదుగా దక్షిణమునకు పోయిన బార్కస్ వచ్చును. నిజాము ప్రభువుల కొలువులో సైనికులుగా చేరిన అరబ్బుల సంతతివారు అచ్చట నివసించుచున్నారు. బ్యారక్సు అను మాటయే బార్కస్ అయినది. వారి హరీస్, దానినుండి మన నగరములో రూపుదిద్దుకొన్న హలీమ్, రెండును ముఖ్యముగా గోధుమ జావలే. నానిన గోధుమలను మాంసముతో కలిపి గంటల తరబడి ఉడికించి, కఱ్ఱ ఘోట్నీలతో మెదుపుదురు. హరీసా, హలీమ్ అను రెండు పేర్లును అక్బరు కాలపు అయీనె అక్బరీలోనే కనబడును. హైదరాబాదు హలీమ్‌కు 2010లో భౌగోళిక గుర్తింపు లభించినది. రంజాను నెలలో మా వీధిలో సాయంకాలమున నడచుటకు చోటుండదు. ఆ భట్టీల వేడి మా వైద్యశాల అరుగుదాక వచ్చును.

బార్కస్‌లో మాత్రము ఈ వంటకము రెండు విధములుగా దొరకును. ఒకటి ఖారీ, మరియొకటి మీఠీ. ఉప్పుదియు తీపిదియు అని అర్థము. ఆ ప్రాంతమునుండి మోకాళ్ళ నొప్పులకు నా వద్దకు వచ్చు ఒక ముసలి పెద్దమనిషిని ఈ రెంటిలో దేనిని తిందురని అడిగితిని. "వైద్‌జీ, చిన్నతనంలో మీఠీ, షుగర్ వచ్చాక ఖారీ, అది కూడా రెండు చెంచాలే" అని ఆయన నవ్వెను. నేను శాకాహారిని. ఆ వంటకమును రుచి చూడలేదు, మధుమేహికి దానిని పథ్యమని చెప్పుటయు లేదు. నేయితో, మాంసముతో అది మిక్కిలి గురువైన ఆహారము. కాని ఒకే గింజ ఉప్పుతో ఒక విధముగను తీపితో మరియొక విధముగను శరీరమున వర్తించునను ఎరుక ఆ పెద్దమనిషికి ఉన్నది. అది నా రోగికి లేకపోయినది, ఆమెకు చెప్పవలసిన నాకు ఆ రోజున తోచలేదు.

అంత దూరమేల? తెలంగాణము పల్లెలలో జొన్నగటక, మక్కగటక ఉప్పు వేసియే వండుదురు. మజ్జిగతోనో పచ్చిపులుసుతోనో ఉల్లిపాయ నంజుకొని తిందురు. తైదల అంబలిలో వేయునదియు ఉప్పే. రాయలసీమ సంకటికి తోడు పప్పు, ఊరుబిండి. తీపి జావను మనవారు పండుగనాటి నైవేద్యమునకు మాత్రమే కేటాయించిరి. నెలకొకనాడు తిను పరమాన్నమును ప్రతిదినము ఉదయము తినుట మన అలవాటు కాదు.

ఆధునికులు ఓట్స్‌ను మెచ్చుకొనుటకు ముఖ్యకారణము అందులోని బీటాగ్లూకన్ అను జిగురు పీచు. అది నీటిలో కరిగి చిక్కబడి, ప్రేగులలో ఆహారము మెల్లగా జీర్ణమగునట్లు చేయును. పైత్యరసములోని ఆమ్లములను పట్టుకొని విసర్జింపజేయుటవలన రక్తములోని చెడు కొలెస్టరాలు కొంత తగ్గును. దినమునకు 3 గ్రాముల బీటాగ్లూకన్ నిచ్చు ఓట్స్ ఆహారము, కొవ్వు తక్కువగల భోజనముతో కూడినప్పుడు, హృద్రోగ ప్రమాదమును తగ్గింపవచ్చునని ప్యాకెట్లపై ముద్రించుకొనుటకు అమెరికా ఆహార ఔషధ పరిపాలన సంస్థ 1997లో అనుమతించెను. 2006లో బార్లీకిని అదే గౌరవము దక్కినది. 40 గ్రాముల ఓట్స్‌లో బీటాగ్లూకన్ సుమారు గ్రామున్నర ఉండును. అనగా ఒక పూట జావతో సగము అవసరము తీరును. మిగిలిన సగమునకు మధ్యాహ్నము బార్లీ గంజి త్రాగవచ్చును. మా యునానీ హకీములు ఆషె జౌ అను పేర రోగులకిచ్చునదియు ఈ బార్లీ గంజియే. చార్మినారు ప్రక్కనున్న నిజామియా ఆసుపత్రి సంప్రదాయమునకును మా సంప్రదాయమునకును ఎన్ని భేదములున్నను యవల విషయమున పేచీ లేదు.

అయితే ఆ జిగురు పీచు ఎంత గట్టిదైనను, దానితోపాటు డెబ్బది గ్రాముల చక్కెరను లోపలికి పంపినచో ఏమి చేయగలదు?

ఇక వండు విధము. ఇది ఒక్కరికి సరిపోవు కొలత.

ఓట్స్ 40 గ్రాములు, పెసరపప్పు 20 గ్రాములు. రెండును కలిపి 60 గ్రాములు గనుక ఆరింతల నీరనగా 360 మిల్లీలీటర్లు. చిక్కగా గరిటజారుగా కావలెనన్నచో నాలుగింతలు, 240 మిల్లీలీటర్లు చాలును. పెసరపప్పును దోరగా వేయించి, కడిగి, ఆ నీటిలో మెత్తగా ఉడికింపవలెను. సగము ఉడికిన తరువాత గుప్పెడు సొరకాయ లేక బీరకాయ ముక్కలు, చిటికెడు పసుపు వేయవలెను. లేత మునగాకు దొరికిన మరియు మంచిది. వేరొక మూకుడులో అరచెంచా నేయి కాచి జీలకఱ్ఱ, నలుగగొట్టిన నాలుగు మిరియాలు, సన్నగా తరిగిన అల్లము, కరివేపాకు, ఆవగింజంత ఇంగువ వేయవలెను. ఆ పోపులోనే ఓట్స్ వేసి కమ్మని వాసన వచ్చువరకు రెండు నిమిషములు వేయింపుడు. ఇట్లు వేయించిన గింజ లఘువగును, జావ బంకబంకగా కాక విడివిడిగా నుండును. దీనిని ఉడుకుచున్న పప్పులో వేసి ఐదారు నిమిషములు కలియబెట్టి దింపవలెను. ఉప్పు చివరను. గోరువెచ్చబడిన తరువాత ఇష్టమున్నచో నిమ్మరసము నాలుగు చుక్కలు.

దీనిలోని పిండిపదార్థము లెక్కించిన 45 గ్రాములకు మించదు. పప్పువలన మాంసకృత్తులు అదనముగా చేరును, ఆకలి మధ్యాహ్నమువరకు ఆగును. ఆ కోడలు మొదట సందేహించినది. "ఇది పొంగలిలా ఉంటుంది కదండీ" అన్నది. ఔను, అట్లే యుండును. పొంగలిని తినగలవారు దీనిని తినలేకపోవుదురా?

వాతతత్త్వము కలవారు నేయిని పూర్తి చెంచాగా వేసికొనవచ్చును. మంటలు, పుల్లత్రేన్పులు కలవారు మిరియాలు, అల్లము తగ్గించి ధనియాలపొడి, సొరకాయ వాడుడు. కఫము, స్థూలకాయము కలవారికి శొంఠి మంచిది. ఎండాకాలమున జావను చల్లార్చి, వెన్న తీసిన పలుచని మజ్జిగ కలిపి అంబలివలె త్రాగవచ్చును. మజ్జిగను పొయ్యి మీద కలుపరాదు, విరిగిపోవును.

ఒక హెచ్చరిక. ఉప్పు జావ వండదలచినవారు పాలను పూర్తిగా మానవలెను. కొందరు గృహిణులు రెండింటి మీది ఆశతో పాలలో ఓట్స్ ఉడికించి, పైన ఉప్పు, కూరముక్కలు, నిమ్మరసము వేయుట నేను చూచితిని. సుశ్రుతుడు పాలతో కలిపి తినరానివాటిలో ఉప్పును, పుల్లని ఫలములను, ఉలవలను చేర్చెను. పాలు త్రాగవలెనన్నచో అది వేరు పూట, వేరు గిన్నె.

రెండవ హెచ్చరిక దీనికంటె ముఖ్యమైనది. ఉప్పుగా తినుమన్నాను గదాయని బజారులో దొరకు మసాలా పొట్లములను తెచ్చుకొనవలదు. వాటిలో గింజ తరచుగా త్వరగా జీర్ణమగునట్లుండును. ఉప్పు మన యింటి కొలతకంటె మిక్కుటముగా నుండవచ్చును. పొట్లము వెనుక సన్న అక్షరములలో సోడియము ఎంతో వ్రాసియుండును, కండ్లజోడు పెట్టుకొని చదువుడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ దినమంతటికి 5 గ్రాములకు తక్కువ ఉప్పు వాడుమని చెప్పుచున్నది. అది ఒక చిన్న చెంచాడు. జావకు అందులో ఎనిమిదవ వంతు చాలును. సైంధవ లవణము శ్రేష్ఠమని శాస్త్రము చెప్పిన మాట నిజమే కాని, రక్తపోటు కలవారికి అది కూడ ఉప్పే. తేనె విషయమున చెప్పిన మాటయే ఇచ్చటను వర్తించును. గింజను కొనునప్పుడు కూడ బద్దలుగా కోసినదిగాని మందముగా అదిమిన రేకులుగాని ఎన్నుకొనుడు. రేకు ఎంత పలుచనిదైన రక్తములో చక్కెర అంత వేగముగా పెరుగును.

తీపి జావ సర్వులకు నిషిద్ధమని నేననుట లేదు. మధురరసము బలమునిచ్చునది, ధాతువులను పోషించునది. బక్కచిక్కిన పిల్లలు, బాలింతలు, దీర్ఘజ్వరమునుండి లేచినవారు, మధుమేహము లేనిచో, పాలలో ఉడికించి కొంచెము బెల్లముతో తినవచ్చును. వ్యాయామము చేయు యువకునకు అరటిపండు అడ్డు కాదు. నా పేచీయంతయు ఇంటిల్లిపాదికి ఒకే గిన్నెలో ఒకే జావ కాచి, అది అందరికి మందని భావించుటతోనే.

మూత్రపిండముల వ్యాధి కలవారు పప్పు పరిమాణమును తమ వైద్యుని అడిగియే నిర్ణయించుకొనవలెను. గోధుమ పడని ఉదరవ్యాధి కలవారు ఓట్స్‌ను కూడ స్వతంత్రించి వాడరాదు. మరలలో గోధుమ కలిసియుండును. ఇన్సులిను లేక మాత్రలు వాడువారు తీపి జావ నుండి ఉప్పు జావకు మారిన తరువాత రక్తములోని చక్కెర తగ్గి కళ్ళు తిరుగవచ్చును. కావున మార్పు చేసిన మొదటి పక్షములో తరచుగా పరీక్షించుకొనుచు, మందు మోతాదును వ్రాసిన వైద్యునికే తెలుపవలెను. మీ అంతట మీరు మాత్ర మానకుడు.

నా రోగి సంగతి. శస్త్రవైద్యుడు పుండును శుభ్రపరచి, మందులు మార్చి, ఇన్సులిను మొదలుపెట్టెను. ఇంటిలో జావ మారెను. ఏడు వారములకు పుండు మానినది. ఇందులో ఇన్సులిను భాగమెంత, జావ భాగమెంత యని విడదీసి చెప్పుట నా తరము కాదు, చెప్పినచో అబద్ధమగును. మూడు నెలల తరువాత పరగడుపు అంకె 128. ఆమె మనుమరాలు మాత్రము తన గిన్నెలో బెల్లము వేయించుకొనుచున్నదట. ఆ పిల్లకు ఎనిమిదేండ్లు, ఆడుకొను వయస్సు, వేసికొననిండు.

చివరగా నిలువ విషయము. తక్కిన ధాన్యములకంటె ఓట్స్‌లో కొవ్వు హెచ్చు, నూటికి ఏడు పాళ్ళవరకు ఉండును. అందుచేత మన హైదరాబాదు వేసవిలో తెరచిన ప్యాకెట్టు త్వరగా ముక్కవాసన పట్టును. చవుకయని పెద్ద ప్యాకెట్టు కొనక, పదిహేను దినములకు సరిపడు దానిని తెచ్చి, తడి లేని గాజు సీసాలో మూతపెట్టి చీకటి చోట ఉంచుడు. నాలుక మీద చేదు తగిలినచో వండక పారవేయుడు.